దిక్కుగల కొలతలు: గీతలతో కూడిక, తీసివేత



ఏర్పేడు కూడలినుండి బయలుదేరిన యొకడు అయిదు మైళ్లు నడచెనని చెప్పినంతమాత్రమున వాడెక్కడ నున్నాడో యెవ్వరును చెప్పజాలరు. వేంకటగిరి త్రోవ పట్టెనో, రేణిగుంట వైపు మరలెనో, శ్రీకాళహస్తికే పోవుచున్నాడో తెలియవలయును. ధాన్యమునకు బస్తాల లెక్క చాలును. నడకకు, గాలికి, ఏటి ప్రవాహమునకు దిక్కు కూడ కావలయును. ఇట్లు పరిమాణమును, దిక్కును గల రాశిని పాఠ్యగ్రంథములు 'సదిశ' యనుచున్నవి. దానిని బాణముగా గీయుదురు. గీత పొడవు పరిమాణమును, మొన దిక్కును తెలుపును.

పొలము కొలుచువాడు 66 అడుగుల సర్వే గొలుసుతో తూర్పునకు 4 గొలుసులు, పిదప ఉత్తరమునకు 3 గొలుసులు నడచెననుకొనుడు. గొలుసునకు ఒక సెంటీమీటరు చొప్పున తూర్పు బాణమును గీచి, దాని మొనవద్దనే ఉత్తరపు బాణపు తోక నుంచవలయును. మొదటి తోకనుండి కడపటి మొనకు గీచిన గీత సరిగా 5 సెంటీమీటర్లుండును. నడచినది 7 గొలుసులు. చేరిన దూరము 5 గొలుసులు. భుజ, కోటి, కర్ణములని పెద్దలు చెప్పినది దీనినే. మహావీరాచార్యుని గణితసారసంగ్రహమున క్షేత్రగణితమునకొక అధ్యాయమే కలదు. ఆ గ్రంథమును పావులూరి మల్లన తెనిగించెను. ముందు ఉత్తరమునకు, పిదప తూర్పునకు నడచినను అదే రాతికి చేరుదురు. ఆ రెండు త్రోవలును కలసి సమాంతర చతుర్భుజమగును. దాని కర్ణమే మొత్తము.

తీసివేత యింకను ఉపయోగకరము. ఒక మూలరాతికి తూర్పున 6 గొలుసుల దూరమున నొక రాయి, ఉత్తరమున 8 గొలుసుల దూరమున మరియొక రాయి యున్నవి. నడుమ చెరువు నిండి యున్నది. గొలుసు పరచుటకు వీలులేదు. ఉత్తరపు బాణమును గీచి, తూర్పు బాణమును త్రిప్పి పడమటి బాణముగా చేసి దాని మొనకు తగిలింపుడు. తోకనుండి మొనకు 10 సెంటీమీటర్లు వచ్చును. నీటిలో కాలు పెట్టకయే రెండు రాళ్ల నడిమి దూరమును, దిక్కును తెలిసినవి.

శ్రీహరికోటలోని రాకెట్టు లెక్కకును ఆధారమిదియే. భూభ్రమణము వలన అచ్చటి నేల సెకనుకు సుమారు 450 మీటర్ల వేగముతో తూర్పునకు సాగుచున్నది. తూర్పునకు వదలిన రాకెట్టునకు ఆ వేగము ఉచితముగా కలసివచ్చును. ధ్రువకక్ష్యకు దక్షిణముగా పోవు పి.ఎస్.ఎల్.వి. శ్రీలంకమీదుగా పోరాదు గనుక, ముందు ఆగ్నేయముగా పోయి పిదప మరలును.

అయినను రైతునకు ముఖ్యమైనది గట్టే. పొలము చుట్టు తిరిగి మొదటి రాతికి వచ్చినచో బాణములన్నియు కూడి సున్న కావలయును. కడపటి మొన మొదటి తోకను తాకవలయును. తాకనిచో ఆ ఖాళీయే కొలతలోని తప్పు. దానిని కడపటి గట్టున నెట్టివేసి పటము మూసినచో పొరుగువాని నేల పోవును. ఇది కేవలము అన్యాయము. తప్పు స్వల్పమైనచో నడచిన దూరమును బట్టి అన్ని మూలలకును పంచవలయును. పెద్దదైనచో మరల కొలువవలయును. ఎచ్చటనుండి? ఖాళీ ఏ గట్టునకు సమాంతరముగా నున్నదో ముందుగా ఆ గట్టునే కొలువవలయును. ఖాళీ సరిగా ఒక గొలుసు పొడవున్నచో, ఆ గట్టున లెక్కించునపుడొక గొలుసును మరచిరేమో చూడవలయును.