తోకచుక్క వచ్చాక దొరికిన అన్నం

(గూడెంలో రాత్రిబడి పిల్లలు, యువకులు, సంఘం కార్యకర్తల ముందు చేసిన ప్రసంగ పాఠం)



ఈ పూట కథల గురించి మాట్లాడతామంటే కొందరు నవ్వారు. ఇళ్ళ పట్టాలూ కూలి రేట్లూ మాట్లాడాల్సిన చోట మాస్టారికి కథలేంటి, అందులోనూ సైన్స్ ఫిక్షనేంటి అని. ఇంకా జరగనిదాన్ని జరిగినట్టే చెప్పే కథను సైన్స్ ఫిక్షన్ అంటారు. ఆకాశం నుంచి ఓడ దిగుద్ది, ఎండతో యంత్రాలు నడుస్తాయి, మనిషి రేపటి కాలంలోకి పోతాడు. మేం చదువుకునే రోజుల్లో ఇలాంటివి కొన్ని చదివాం. లైబ్రరీ లోపలికి మమ్మల్ని రానిచ్చేవాళ్ళు కాదు. అరుగు మీద కూచుంటే కిటికీలోంచి పుస్తకం అందించేవాళ్ళు. ఆ కథల్లో రాకెట్ ఎక్కేవాడు మనలాంటివాడు కాదు. సరే, రాకెట్ నిలిచే చోటు ఊడ్చేవాడైనా మనవాడా అంటే అదీ లేదు. వెయ్యేళ్ళ తర్వాతి లోకంలో కూడా మనం లేం. అప్పుడు మాకది తప్పని తోచలేదు. మనం లేకపోవడం అలవాటైపోయింది.

చాలా ఏళ్ళ తర్వాత, మా దగ్గర చదివి హైదరాబాదు పోయిన కుర్రాడొకడు ఒక లావుపాటి పుస్తకం తెచ్చిచ్చాడు. పేరు 'డార్క్ మేటర్'. షెరీ థామస్ అనే నల్లజాతి రచయిత్రి 2000లో అమెరికాలో తెచ్చిన సంకలనం. విశ్వంలో కంటికి కనపడని పదార్థం చాలా వుందని, దాని బరువే నక్షత్ర మండలాలను చెదిరిపోకుండా పట్టి వుంచుతోందని సైన్సు పాఠంలో చెబుతాం కదా, ఆ పదార్థం పేరే డార్క్ మేటర్. సైన్స్ ఫిక్షన్‌లో నల్ల రచయితలు కూడా అలాగే కనపడకుండా వున్నారని ఆమె ఆ పేరు పెట్టింది. అందులో ఒక కథ 1920 నాటిది. 'తోకచుక్క' అని దాని పేరు. రాసినవాడు డబ్ల్యు.ఇ.బి. డుబోయిస్.

ఈ పేరు మన కార్యకర్తలు కొందరికి తెలిసే వుండాలి. బాబాసాహెబ్ 1946లో ఈయనకే ఉత్తరం రాశారు. అమెరికా నల్లవాళ్ళు ఐక్యరాజ్యసమితికి పెట్టుకున్న అర్జీ ప్రతులు పంపమని అడిగారు. ఇక్కడి అంటరానివాళ్ళం కూడా అలాంటిది పెట్టాలనుకుంటున్నామని రాశారు. జూలై 31న డుబోయిస్ జవాబిచ్చాడు. హార్వర్డులో డాక్టరేటు అందుకున్న మొదటి నల్లవాడాయన. చరిత్రా, సమాజశాస్త్రమూ రాసిన పండితుడిగానే లోకానికి తెలుసు. ఆయన తోకచుక్కల కథ కూడా రాశాడని మాకు అంతవరకూ తెలీదు.

కథ చెబుతాం, వినండి. న్యూయార్కులో ఒక బ్యాంకు. జిమ్ అనే నల్లవాడు అందులో కబుర్లు మోసే బంట్రోతు. పాత లెక్కల పుస్తకాలు కనపడటం లేదని, భూమి కింద అట్టడుగు గదిలోకి పోయి వెతకమంటారు. విలువైన మనుషుల్ని పంపడానికి అది ప్రమాదం కదా, అందుకని ఇతన్ని పంపుతారు. సెప్టిక్ ట్యాంకులోకి ఎవర్ని దింపుతారో మీకు తెలుసు, ఇక వివరించనక్కర్లేదు. అతను కింద వుండగా భూమి తోకచుక్క తోకలోంచి పోతుంది. విషవాయువుకు ఊరంతా చచ్చిపోతుంది. అడుగున వున్నాడు గనక ఇతనొక్కడే బతికాడు. పైకొచ్చి చూస్తే బ్యాంకు మెట్ల మీదా, వీధుల్లోనూ అన్నీ శవాలే.

ఆకలేస్తుంది. ఐదో అవెన్యూలో ఒక పెద్ద హోటల్లోకి పోయి, తనే వడ్డించుకుని తింటాడు. నిన్నటిదాకా తనకిక్కడ అన్నం పెట్టేవాళ్ళు కాదని అప్పుడు తోస్తుంది. మేం అక్కడ పుస్తకం మూసేశాం. మా నాన్న టీ హోటలు బయట నిలబడి, చూరులో దోపిన గ్లాసు తీసుకుని, తాగి, తనే కడిగి మళ్ళీ చూరులో పెట్టేవాడు. మా నాన్న హోటల్లో కుర్చీ మీద కూచోవాలంటే ఊరంతా చచ్చిపోవాలా? డుబోయిస్ ఈ ప్రశ్న అడగడు. మనిషి తింటున్నాడని మాత్రం రాసి ఊరుకున్నాడు.

తర్వాత ఒక తెల్లామె కనపడుతుంది. ఫోటోలు కడిగే చీకటి గదిలో వుండబట్టి బతికింది. వాళ్ళిద్దరూ కారులో ఊరంతా తిరుగుతారు. నల్లవాళ్ళుండే హార్లెంకి పోయి అతను తనవాళ్ళ కోసం వెతుకుతాడు, దొరకరు. ఆమె తండ్రి కోసం వెతుకుతుంది. రాత్రికి ఒక పెద్ద భవనం పైకెక్కి వెలుగు బాణాలు వదులుతారు, ఎవరైనా చూస్తారేమోనని. అక్కడ, ఇక లోకంలో మిగిలింది మనిద్దరమే అనుకున్నప్పుడు, ఆమె మొట్టమొదటిసారి అతన్ని మనిషిగా చూస్తుంది. సరిగ్గా అప్పుడు కింద కారు హారను మోగుద్ది. ఆమె తండ్రీ, ఆమెను చేసుకోబోయేవాడూ దిగుతారు. చచ్చింది న్యూయార్కు ఒక్కటే, మిగతా లోకమంతా అలాగే వుందంటారు. ఒక్క క్షణంలో జిమ్ మళ్ళీ నల్లవాడైపోతాడు. గుంపులో కొందరు అతన్ని ఉరి తీయాలంటారు. ఇతనే నన్ను కాపాడాడని ఆమె చెబితే, తండ్రి అతని చేతిలో డబ్బు పెడతాడు. చివర్లో జిమ్ భార్య వస్తుంది. ఆమె చేతుల్లో వాళ్ళ బిడ్డ శవం.

ఇందులో మాకు నచ్చనిదీ వుంది. ఆ తెల్లామెను లోకమాతలా వర్ణించిన భాగం మరీ బరువుగా సాగుతుంది. బిడ్డను మోసుకుని ఊరు దాటి వచ్చిన భార్యకు పేరు కూడా పెట్టలేదు. మన ఉద్యమాల్లో మన ఆడవాళ్ళ పేర్లు ఎక్కడ పోతున్నాయో ఇక్కడున్న చెల్లెళ్ళు మాకంటే బాగా చెబుతారు.

డుబోయిస్ అంతకు ముందే, 1908-10 ప్రాంతంలో, మరో కథ రాశాడు. మామూలు కంటికి కనపడని దాన్ని చూపించే యంత్రం గురించి. అది అచ్చుకాకుండా ఆయన కాగితాల్లోనే పడి వుంది. ఇద్దరు పరిశోధకులు తీసి అచ్చు వేయించేసరికి 2015 వచ్చింది. నూరేళ్ళు!

వీళ్ళు కనపడకపోవడానికి కారణం చేతగాక కాదు. శామ్యూల్ డెలానీ అనే నల్ల రచయిత తన నవల ఒకటి 1967లో 'అనలాగ్' పత్రిక సంపాదకుడు జాన్ కాంప్‌బెల్‌కి పంపిస్తే, నవల బాగుంది గానీ నల్లవాడు నాయకుడైతే మా పాఠకులు చదవరు అని చెప్పి తిప్పి పంపాడట. డెలానీయే ఆ సంగతి రాసుకున్నాడు. గ్రహాంతరవాసి నాయకుడైనా చదువుతారు గానీ నల్లవాడైతే చదవరు!

అదే సంకలనంలో డెరిక్ బెల్ అనే లా ప్రొఫెసరు కథ వుంది. హార్వర్డు లా కాలేజీలో పర్మనెంటైన మొదటి నల్ల ప్రొఫెసరాయన. నల్లజాతి స్త్రీని పర్మనెంటు ప్రొఫెసరుగా తీసుకునేదాకా పాఠం చెప్పనని 1990లో బయటికొచ్చి, ఆ ఉద్యోగమే వదులుకున్నాడు. ఆ కథ 1992లో తన సొంత పుస్తకంలో వేశాడు. ఆ పుస్తకం పేరు 'బావి అడుగున ముఖాలు'. బావి అనగానే ఈ గూడెంలో ఎవరికేం గుర్తొస్తుందో మేం చెప్పక్కర్లేదు.

కథలో 2000 జనవరి 1న ఆకాశం నుంచి ఓడలు దిగుతాయి. వచ్చినవాళ్ళు బంగారం ఇస్తామంటారు, గాలీ నీరూ శుభ్రం చేసే మందులిస్తామంటారు, తరగని ఇంధనం ఇస్తామంటారు. బదులుగా అమెరికాలోని నల్లవాళ్ళందర్నీ మాకిచ్చెయ్యండంటారు. జనవరి 17 దాకా గడువు. ఒక నల్ల పండితుడు తనవాళ్ళ సభలో ఒక ఉపాయం చెబుతాడు: అక్కడ మనకు స్వర్గం దొరకబోతోందని పుకారు పుట్టిద్దాం, మనకేదో మేలు జరుగుతుందంటే తెల్లవాళ్ళు ఓర్వలేక పోనివ్వరు. సభ ఒప్పుకోదు, అబద్ధం ఆడం అంటుంది. దేశమంతా ఓట్లు వేస్తారు. నూటికి డెబ్భై మంది ఇచ్చెయ్యమంటారు. అంతా చట్టప్రకారమే! వాళ్ళ పూర్వీకులు సంకెళ్ళతో ఓడ దిగినట్టే, వీళ్ళు సంకెళ్ళతో ఓడ ఎక్కుతారు. సభ చేసింది ఒప్పా తప్పా అని కార్యకర్తలు ఇవాళ భోజనాల దగ్గర వాదించుకోండి. మేం రెండుసార్లు అటూ ఇటూ మారాం.

మన దేశానిదీ ఒకటుంది. 1905లో మద్రాసు నుంచి వచ్చే ఒక ఆడవాళ్ళ ఇంగ్లీషు పత్రికలో రొకేయా సఖావత్ హుసేన్ అనే బెంగాలీ ముస్లిం స్త్రీ 'సుల్తానా కల' రాసింది. అందులో మగవాళ్ళు పరదాలో వుంటారు, ఆడవాళ్ళు ఎండ వేడితో వంట చేస్తారు, మబ్బుల నుంచి నీళ్ళు దింపుకుంటారు. ఆ రోజుల్లో మన కోస్తా జిల్లాలన్నీ మద్రాసు రాష్ట్రమే. అయినా మా పాఠ్యపుస్తకాల్లో ఆ పేరు ఎన్నడూ కనపడలేదు.

ఇంకొకామె ఆక్టేవియా బట్లర్. తల్లి ఇళ్ళల్లో పనిమనిషి. దొడ్డిదారిన లోపలికి పోయే తల్లిని చూస్తూ పెరిగింది. 1983లో అచ్చయిన ఆమె కథలో ఒక జబ్బు వచ్చి కొందరికి మాట పోతుంది, కొందరికి చదువు పోతుంది. చివర్లో ఒక పంతులమ్మకు మాట పోని ఇద్దరు పిల్లలు దొరుకుతారు. ఆ కథ మేం ఇంట్లో పైకి చదివితే మా ఇంటామె కూడా పని ఆపి విన్నది.

ఈ కథలన్నీ మొన్న రాత్రిబడిలో తెలుగులో చెప్పాం. ఏడో తరగతి పిల్ల ఒకతె లేచి, సార్, ఆకాశం నుంచి ఓడ మనూరికొస్తే ముందు ఏ వీధిలో దిగుద్ది, అనడిగింది. మేం జవాబు చెప్పలేదు, రాసుకురమ్మన్నాం. వచ్చే ఆదివారం ఇక్కడే చదువుద్ది. లాంతర్లు తెచ్చుకోండి, కరెంటు సంగతి తెలిసిందేగా.