ముగ్గురు మనుషులు, ఒక పడవ, ఒక క్రెడిట్ గొడవ

ఈ ఎపిసోడ్‌లో ఒక పడవ కథ. పడవంటే గోదావరి లాంచీ కాదు, కేరళ పడవ పందేల్లో చూసేదీ కాదు. నీళ్ల మీద గంటకి 250 కిలోమీటర్లు దాటి పరిగెత్తే హైడ్రోప్లేన్. దీని వెనక పెద్ద కంపెనీ ఏమీ లేదు. అమెరికాలో, సియాటిల్‌లో ముగ్గురు మనుషులు. మన భాషలో చెప్పాలంటే ముగ్గురు కో-ఫౌండర్లు.

స్టాన్ సేయర్స్, కార్ల డీలర్. డబ్బు ఆయనది, స్పీడ్ పిచ్చి కూడా ఆయనదే. టెడ్ జోన్స్, బోయింగ్‌లో ఉద్యోగి. ఖాళీ దొరికితే చిన్న రేసు బోట్లు తయారు చేసి తనే నడిపేవాడు. యాంకర్ జెన్సన్‌కి పడవలు కట్టే యార్డు ఉంది. ముగ్గురూ కలిసి తెచ్చిన పడవ పేరు స్లో-మో-షన్ 4. అవును, స్లో మోషనే! సేయర్స్ పాత బోట్లకీ అదే పేరు, అందుకే ఇది నాలుగోది.

మరి ఇందులో కొత్తదనం ఏంటి? మామూలు పడవ నీళ్లని తోసుకుంటూ వెళ్తుంది. స్పీడ్ పెరిగేకొద్దీ ఆ నీళ్లే అడ్డం పడతాయి. హైడ్రోప్లేన్ అలా కాదు, పైకి లేచి జారుతుంది. ముందు రెండు పక్కలా స్పాన్సన్లు ఉంటాయి, వాటి మీద ఆనుతుంది. జోన్స్ ఏమన్నాడంటే, వెనకభాగం కూడా లేపేద్దాం, ప్రొపెల్లర్ సగం గాల్లో, సగం నీళ్లలో తిరగనిద్దాం అని. అంటే ఫుల్ స్పీడ్‌లో అంత బరువున్న పడవ నీళ్లకి తగిలేది మూడే చోట్ల! చిన్న బోట్లలో ఈ పద్ధతి అప్పటికే ఉంది. పెద్ద క్లాస్‌లో, రెండో ప్రపంచ యుద్ధం నాటి ఫైటర్ విమానాల అలిసన్ ఇంజిన్ పెట్టి దాన్ని సక్సెస్ చేసింది వీళ్లు. ఆ ప్రొపెల్లర్ వెనక నీళ్లు కోడిపుంజు తోకలా ఎగజిమ్ముతాయి. పేరు కూడా రూస్టర్ టెయిలే. భీమవరం వాళ్లు గమనించాలి.

1950 జూన్ 26, లేక్ వాషింగ్టన్. గంటకి 160.323 మైళ్లు, అంటే దాదాపు 258 కిలోమీటర్లు. అప్పటిదాకా ప్రపంచ రికార్డు ఇంగ్లండ్‌కి చెందిన మాల్కమ్ క్యాంప్‌బెల్‌ది, 1939లో 141.74 మైళ్లు. 18 మైళ్లకి పైగా తేడా! నెల తిరక్కుండానే డెట్రాయిట్ వెళ్లి గోల్డ్ కప్ కొట్టారు. నడిపింది జోన్సే. గెలిచినవాళ్ల ఊళ్లోనే మరుసటి ఏడాది రేసు జరిగేది. అలా 1951లో రేసు సియాటిల్‌కి వచ్చింది. ఊరికి పిచ్చెక్కిపోయింది. పిల్లలు చెక్కతో బుల్లి హైడ్రోలు చేసి, సైకిల్ వెనక తాడు కట్టి లాక్కుంటూ తిరిగేవాళ్లు. సియాటిల్‌కి అప్పటికి పెద్ద లీగ్ బేస్‌బాల్ టీమ్ కూడా లేదు మరి, హీరోలంటే వీళ్లే.

గొడవ మొదలైంది కూడా అక్కడే. డిజైన్ నాది అని జోన్స్. కట్టేటప్పుడు ముఖ్యమైన నిర్ణయాలు జెన్సన్‌వి అని జెన్సన్ పక్షం. కొన్నాళ్లకి జోన్స్ ఆ టీమ్‌కి దూరమైపోయాడు. నేను సాఫ్ట్‌వేర్‌లో ఉన్నప్పుడు ఇలాంటివి బోలెడు చూశా. ఆర్కిటెక్చర్ గీసినవాడు నాదే అంటాడు, రాత్రులు కూర్చుని ప్రొడక్షన్‌లో నిలబెట్టినవాడు నాదే అంటాడు. నన్నడిగితే ఇద్దరి మాటా నిజమే. కాగితం మీద గీత నీళ్లలో తేలదు. ఆ గీత లేకుండా కట్టి ఉంటే అది ఇంకో మామూలు పడవ అయ్యేది.

జోన్స్ లేకపోయినా సేయర్స్ టీమ్ ఆగలేదు. రెండు పడవలతో 1954 దాకా వరసగా కప్పు నిలబెట్టుకుంది. ఈలోగా జోన్స్ అదే ఊళ్లో ఇంకొకరి కోసం మిస్ థ్రిఫ్ట్‌వే అనే పడవ డిజైన్ చేశాడు. 1955లో కప్పు డెట్రాయిట్ ఎత్తుకుపోయింది. దాన్ని వెనక్కి తేవాలని 1956లో సియాటిల్ పడవలు అక్కడికి వెళ్లాయి. అక్కడే స్లో-మో-షన్ 4 ప్రమాదంలో ఛిద్రమైంది. డ్రైవర్ జో ట్యాగార్ట్‌కి తీవ్ర గాయాలు. కొన్ని వారాలకే, సెప్టెంబర్‌లో, సేయర్స్ చనిపోయాడు.

ఆ రేసులో ముందు నిలిచింది మిస్ థ్రిఫ్ట్‌వే. బోయ్‌ని గుద్దిందా లేదా అని వారాల తరబడి పంచాయితీ నడిచి, చివరికి గెలుపు దానికే ఖరారైంది. కప్పు సియాటిల్‌కి తిరిగొచ్చింది. తెచ్చింది జోన్స్ పడవ. చూడ్డానికి సేయర్స్ లేడు.

ఆయన పేరుతో ఇప్పుడు లేక్ వాషింగ్టన్ ఒడ్డున పార్కు ఉంది. బెల్‌వ్యూ, రెడ్‌మండ్‌లో ఉన్న మనవాళ్లు మ్యూజియం ఆఫ్ హిస్టరీ అండ్ ఇండస్ట్రీకి వెళ్తే, బాగుచేసిన స్లో-మో-షన్ 4ని చూడొచ్చు. వెళ్లినవాళ్లు ఫొటో పంపండి. మీ టీమ్‌లో పేరు ఎవరికొస్తుంది, గీసినవాడికా, కట్టినవాడికా? కామెంట్‌లో రాయండి, పేర్లు మాత్రం వద్దు, మీ మేనేజర్ కూడా చూస్తూ ఉండొచ్చు. ఉంటా మరి.