కాళ్ల కింది నీళ్ల లెక్క
(రైతులు, విద్యార్థులు, ఉద్యోగుల సదస్సులో చేసిన ఉపన్యాస పాఠం)



నీళ్లు, నిధులు, నియామకాలు అని కొట్లాడినం. నీళ్లు అన్నప్పుడల్లా కృష్ణా, గోదావరి, టీఎంసీలు, వాటాలు మాట్లాడినం. అది న్యాయమైన పంచాయితీనే. కానీ తెలంగాణ రైతు ఎక్కువగా బతికింది బాయి కింద, బోరు కింద. ఆ నీళ్ల గురించి మన సభల్లో మాట్లాడింది తక్కువ. 2014 జూన్ 2న రాష్ట్రం వచ్చినంక కూడా పెద్దగా పెరగలేదు. అందుకే ఇయ్యాల భూమిలోకి కరెంటు పంపి నీటి జాడ తీసే పరీక్ష గురించి చెప్తా. ఇది జియాలజీ పాఠమనుకోకండి, అప్పుల సంగతి.

2004లో పి. సాయినాథ్ 'ది హిందూ' పత్రికలో నల్లగొండ జిల్లా ముశంపల్లి గురించి రాసిండు. సాగయ్యే భూమి రెండు వేల ఎకరాలు, బోర్లు ఆరు వేలకు పైన. ఊర్లున్న మనుషుల కంటే బోర్లు ఎక్కువ. ఒక ఊరు అన్ని బోర్లు ఎందుకు వేస్తది? ఒకటి ఎండితేనే గదా ఇంకొకటి, అదీ ఎండితేనే గదా మూడోది! ప్రతి బోరు వెనుక ఒక మిత్తి ఉన్నది. పుస్తెలతాడు కుదువ పెట్టి వేసిన బోర్లు ఎన్నో మీ ఊర్లల్ల మీకే తెలుసు.

పాయింట్ ఎట్ల పెడ్తరు? అరచేతిల కొబ్బరికాయ నిలబడితే అక్కడ, వేపపుల్ల తిరిగితే అక్కడ. ఆ పని చేసేటోళ్లను నేను ఎగతాళి చెయ్యను. చదువుకున్నోడు ఊరికి రానప్పుడు రైతు పుల్ల పట్టినోణ్నే పిలుస్తడు. ఇగ బోరు బండి సంగతి. దానికి అడుగు లెక్కన కిరాయి. నీళ్లు పడ్డా అదే కిరాయి, దుమ్ము లేచినా అదే కిరాయి. 'ఇంకో వంద అడుగులు పోదాం పటేలా' అన్నప్పుడు నష్టం ఒక్క రైతుదే.

ఇప్పుడు పరీక్ష సంగతి. పొలంలో ఒకే వరుసలో నాలుగు ఇనుప కడ్డీలు దిగ్గొడ్తరు. చివరి రెండింటి నుంచి బ్యాటరీ కరెంటు భూమిలోకి పంపుతరు. నడుమ రెండింటి మధ్య ఎంత వోల్టేజీ వచ్చిందో మీటర్ల చూస్తరు. నేల ఎండి ఉంటే కడ్డీల మొదట్ల ఉప్పునీళ్లు పోస్తరు. బయటి కడ్డీలను దూరం జరిపిన కొద్దీ కరెంటు ఇంకా లోతుకు దిగుతది. అట్ల జరుపుకుంట పోతే ఒక్కో లోతులో భూమి కరెంటును ఎంత అడ్డుకుంటున్నదో తెలుస్తది. దాన్ని రెసిస్టివిటీ అంటరు, ఓమ్-మీటర్లలో కొలుస్తరు. 1912లో ఫ్రాన్స్‌లో కాన్రాడ్ ష్లంబర్జర్ మొదలుపెట్టిన పద్ధతి ఇది. ఖనిజాల కోసం పుట్టింది, తర్వాత నీళ్లకు పనికొచ్చింది.

మనది ఎక్కువ భాగం గ్రానైటు నేల. పగుళ్లు లేని పచ్చి బండ కరెంటును పోనియ్యదు, రెసిస్టివిటీ వేల ఓమ్-మీటర్లు ఉంటది. తడి మొరం పొరలో అదే పదుల్లోకి, కొన్నిచోట్ల వందకు కొంచెం అటూ ఇటూ వస్తది. ఆ రెండింటి నడుమ పగుళ్లిచ్చిన బండ ఉంటది, అది కొన్ని వందలు చూపిస్తది. రైతుకు నీళ్లిచ్చేది ఎక్కువగా ఈ నడిమి పొరనే. అది ఎక్కడ మందంగా ఉన్నదో, ఎక్కడ పలచబడి పచ్చి బండ పైకొచ్చిందో ఈ పరీక్ష బాగానే చెప్తది. వికారాబాద్, జహీరాబాద్ దిక్కు నల్లరేగడి కింద ఉన్న బసాల్టుకు, గోదావరి లోయలోని ఇసుకరాయికి ఈ లెక్కలు పనికిరావు. అక్కడ లెక్క వేరే.

మహేశ్వరం కథ వినండి. హైదరాబాదుకు దక్షిణాన 53 చదరపు కిలోమీటర్ల పరీవాహక ప్రాంతం. ఉప్పల్ దగ్గరి జాతీయ భూభౌతిక పరిశోధనా సంస్థ, అదే ఎన్‌జీఆర్‌ఐ, ఫ్రెంచి శాస్త్రవేత్తలతో కలిసి అక్కడ ఏండ్ల తరబడి పని చేసింది. తేలింది ఏమంటే, నీళ్లు పారే పగుళ్లు చాలామట్టుకు పైన 40 మీటర్ల లోపే ఉన్నయి. అంటే దాదాపు 130 అడుగులు. పైనున్న మొరం పొర మోటార్లతో తోడి తోడి చాలావరకు ఎండిపోయింది. వెయ్యి అడుగులకు బండి దింపే రైతుకు ఈ ఒక్క ముక్క తెలిస్తే ఎంత అప్పు తప్పేది? ఆ ముక్క ఇంగ్లీషు జర్నల్లలో అచ్చయింది. మన ఊరి పంచాయతీ గోడ మీదికి మాత్రం రాలేదు.

ఇంకో దిక్కు కూడా చెప్పాలె, లేకుంటే నేను మిషను అమ్మేటోనిలెక్క అయిత. ఈ పరీక్ష నీళ్లను చూడదు, అడ్డుకోవడాన్ని మాత్రమే కొలుస్తది. బంకమన్ను ఉన్నా, ఉప్పునీళ్లున్నా మీటరు తక్కువే చూపిస్తది. ఐదువందల అడుగుల కింద చెయ్యి మందం పగులుంటే పైనున్న కడ్డీలకు అది అందదు. పక్కన కరెంటు తీగలు, ఇనుప కంచె, పైపులైను ఉంటే రీడింగు చెడిపోతది. వంద మీటర్ల లోతు చూడాలంటే తీగ కొన్ని వందల మీటర్లు పరవాలె. రెండెకరాల కమతంలో ఆ జాగ ఎక్కడ దొరుకుతది? 'గ్యారంటీగా మూడించుల నీళ్లు' అని చెప్పేటోడు మిషను తెచ్చినా, కొబ్బరికాయ తెచ్చినా ఒక్కటే. ఈ పరీక్షకున్న అసలు విలువ 'ఇక్కడ వెయ్యొద్దు' అని చెప్పగలగడంలోనే ఉన్నది. కానీ వద్దని చెప్పినోనికి పైసలిచ్చే అలవాటు మనకు లేదు. అందుకే ప్రైవేటు సర్వే చేసేటోడు ఎక్కడో ఒక కాడ పాయింటు పెట్టే పోతడు.

కాబట్టి ఈ పని సర్కారు చెయ్యాలె. 2002లోనే వాల్టా చట్టం వచ్చింది. బోరుకు అనుమతి, బోరు బండికి రిజిస్ట్రేషన్ అన్నీ కాగితం మీద ఉన్నయి. 2004లో ఉచిత కరెంటు ఇచ్చిండ్రు, 2018 జనవరి నుంచి ఇరవై నాలుగు గంటలు ఇచ్చిండ్రు. మోటారుకు కరెంటు ఇచ్చిన సర్కారు, ఆ మోటారు కింద నీళ్లున్నయో లేవో చూసే మీటరును మాత్రం రైతు ఇంటికి పంపలేదు. ఉస్మానియాలో జియోఫిజిక్స్ చదివిన పిల్లలున్నరు. మండలానికొక బృందం పెడితే నియామకాల మాట కూడా కొంత నిలబడ్తది.

అంతకంటే ముందు కాగితాలు బయటికి రావాలె. దిగిన ప్రతి బోరుకు ఎన్ని అడుగులకు మొరం అయిపోయింది, ఎక్కడ జల తగిలింది, ఎంత లోతుకు ఆపిండ్రు అన్నది బండి యజమాని రాసి పంచాయతీకి ఇయ్యాలె. ఎండిపోయిన బోరుదీ రాయాలె, అది ఇంకా ముఖ్యం. ఆ లెక్కలను కడ్డీల రీడింగుల పక్కన పెడితే మన ఊర్ల ఏ అంకెకు ఏ రాయో తెలుస్తది. ముశంపల్లి ఆరు వేల బోర్ల లెక్క అట్ల రాసిపెట్టి ఉంటే, దునియాల ఏ పల్లెకూ లేనంత వివరమైన భూగర్భ పటం ఆ ఊరికి ఉండేది.

యూత్ సంఘాల పిల్లలు ఈ ఎండాకాలమే మొదలుపెట్టొచ్చు. ఒక నోటు పుస్తకం, టేపు చాలు. సర్వే చేయించే రైతు మాత్రం ఆయన దగ్గర గ్రాఫు కాగితం, ఎంత లోతుకు ఆపాల్నో రాసిచ్చిన చీటీ రెండూ తీసుకున్నంకనే పైసలియ్యాలె. ఇగ మీ ప్రశ్నలు అడగండి.