కోట యెదుటి ఇండ్లు

దస్తావేజుల నడుమ తల నెరసినవాడను గావున ఇంటి హక్కును గూర్చియే రెండు మాటలు విన్నవింతును.

1639లో దామెర్ల నాయకుని వలన కౌలు పొంది ఆంగ్లేయులు చెన్నపట్టణమున కోట కట్టిరి. దాని ఉత్తరపు గోడ నంటుకొని బ్లాక్‌టౌను పెరిగెను. అందు మన తెలుగు వర్తకులును కాపురముండిరి. 1746లో పరాసులు పట్టణమును పట్టుకొని, ఫిరంగుల కడ్డమని గోడ దాపునగల ఇండ్లను పడగొట్టిరి.

1749లో పట్టణము ఆంగ్లేయులకు తిరిగి వచ్చెను. ఇండ్లవారికి ఇండ్లు వచ్చెనా? పైగా కోటలోని ఆర్మీనీయ వర్తకులును రోమన్ కాథలిక్కులును పరాసులతో కలిసిరని నెపము మోపి, వారి మేడలను కుంపిణీ లాగుకొనెను. క్రయపత్రము ఎంత గట్టిదైన నేమి? తాళపుచెవి కుంపిణీ చేతికి పోయెను. కొందరి తప్పునకు కులమంతయు ఇల్లు విడువవలెననుట ఏ స్మృతిలోని న్యాయమో నాకు తెలియదు.

పిదప కుంపిణీయే బ్లాక్‌టౌనులో మిగిలిన ఇండ్లనుగూడ తీయించెను. జనులు ముత్యాలపేటకును పెద్దనాయకునిపేటకును తరలిరి. ఆ పాత ఇండ్ల నేలమీదనే 1892లో హైకోర్టు భవనము వెలసినది.

ఈ హద్దు దాటి ఇల్లు కట్టరాదని 1773లో స్తంభములు నాటిరి. వానిలో ఒకటి పారీ మూలన నేటికిని ఉన్నది. చెన్నపురికి పోవువారు చూడవచ్చును.