మెతుకు పట్టి చూడరాని సంఖ్య

ఈ పూట మేము మీ ముందుంచదలచినది ఒకే ఒక్క సంఖ్య: 429 కోట్ల 49 లక్షల 67 వేల 297. పలకా బలపము దగ్గర నున్న పిల్లలు దీనిని 4,29,49,67,297 అని వ్రాసికొందురు గాక.

దీని పుట్టుక సులభము. 2ను దానితోనే గుణించిన 4. 4ను దానితోనే గుణించిన 16. ఇట్లే 256, 65,536, తుదకు 4,29,49,67,296 వచ్చును. వీనిలో ప్రతిదానికి 1 చేర్చినచో 3, 5, 17, 257, 65,537 మొదలగునవి కలుగును. ఈ మొదటి అయిదును ప్రధాన సంఖ్యలు. అనగా 1 చేతను, తమచేతను తప్ప మరి దేనిచేతను నిశ్శేషముగా భాగింపబడనివి. ఆరవది మన సంఖ్య.

ఫ్రాన్సు దేశమున తులూజ్ నగర న్యాయస్థానమునందు ఉద్యోగము చేసిన పియర్ ఫెర్మా, ఈ వరుసలోని వన్నియు ప్రధాన సంఖ్యలే యను తన నమ్మకమును 1640లో లేఖాముఖమున తెలిపెను. నిరూపణ తనకు చిక్కలేదనియు దాచక చెప్పెను.

అన్నము ఉడికినదో లేదో తెలియుటకు ఒక్క మెతుకు చాలునని మన యిండ్లలో అందురు. వంటింట నది నిజమే. ఎసటిలోని మెతుకులన్నియు ఒకే నీట, ఒకే మంటపై ఉడికినవి గదా! సంఖ్యల కట్టి కట్టుబాటు లేదు.

1729లో గోల్డ్‌బాక్ అను పండితుడు ఈ విషయమును ఆయిలర్ మహాశయునకు వ్రాసెను. 1732లో ఆయిలర్ మన సంఖ్య 641 చేత నిశ్శేషముగా భాగింపబడునని ప్రకటించెను. మీరును సరిచూడవచ్చును. 67,00,417ను 600 చేత గుణించిన 402,02,50,200. 40 చేత గుణించిన 26,80,16,680. 1 చేత 67,00,417. మూడింటిని కూడుడు. మన సంఖ్యయే వచ్చును.

641 ఎట్లు దొరకును? వరుసగా వెదకినచో 65,536 లోపల 6,542 ప్రధాన సంఖ్యలు కలవు. అయితే మన సంఖ్యను భాగించు ప్రధాన సంఖ్య యేదైనను, 64 చేత భాగించినపుడు 1 శేషింపవలెనని ఆయిలర్ పిమ్మట నిరూపించెను. అట్టివి 193, 257, 449, 577, 641. అయిదవ ప్రయత్నముననే పని ముగియును! ఆలోచన చేసిన మేలు ఇంతటిది.

ఇది వట్టి వినోదము గాదు. 1796లో పదునెనిమిదేండ్ల గౌస్, వృత్తలేఖినితోను, గీతలు లేని బద్దతోను 17 సమభుజముల ఆకృతిని గీయవచ్చునని కనుగొనెను. ఆ 17 ఈ వరుసలోనిదే.

ఆ అయిదు తప్ప ఈ వరుసలో మరియొక ప్రధాన సంఖ్య నేటివరకు దొరకలేదు. ఇక లేదనియు ఎవరును నిరూపింపలేదు. పెద్దవారు చెప్పిన మాటయైనను, అయిదు మారులు నిజమైన మాటయైనను, ఆరవమారు పరీక్షింపవలసినదే. ఫెర్మా గౌరవమునకు దీనివలన లోటు లేదు. తనకు నిరూపణ లేదని ముందుగా చెప్పినవాడు ఆయనయే గదా!