డెబ్బైకి ముందు, డెబ్బై తరువాత: పెద్దల ఆరోగ్య బీమా



మన ఇళ్లలో బీమా మాట తరచుగా ఆసుపత్రి గుమ్మంలోనే వినబడుతుంది. ఎవరూ మంచం పట్టకముందే ఈ సంగతి మాట్లాడుకుందామనే మిమ్మల్ని పిలిచాము.

డెబ్బై నిండిన వారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఆయుష్మాన్ వయ వందన కార్డు 2024 అక్టోబరు 29 నుండి ఉంది. ఏటా 5 లక్షల రూపాయల వరకు వైద్యం. పాత జబ్బులకు నిరీక్షణ లేదు. భార్యాభర్తలిద్దరూ డెబ్బై దాటినా ఆ 5 లక్షలనే పంచుకోవాలి. ముందుగా ఈ కార్డు తీసుకోండి. వయసుకు ఆధారం ఆధార్. మనవారి ఆధార్‌లో షేక్ అన్నది ఒకచోట పూర్తిగా, మరొకచోట 'ఎస్.కె.'గా ఉంటుంది, పుట్టిన తేదీ తెలియక జనవరి 1 అని వేయించుకున్న వారెందరో. ఆ తప్పులు ఇప్పుడే దిద్దించుకోవాలి.

ఈ కార్డు ఆసుపత్రిలో చేరినప్పటి ఖర్చుకే గాని, నెలనెలా కొనే షుగరు మాత్రలకు కాదు. అదీ జాబితాలో ఉన్న ఆసుపత్రులలోనే. ఇక అరవై దాటి డెబ్బై నిండని వారు, రేషను కార్డు లేక ఆరోగ్యశ్రీ అందనివారు, ముఖ్యంగా పింఛను లేని చిన్న దుకాణదారులు, ప్రైవేటు పాలసీ వైపు చూడక తప్పదు. అరవై ఐదు దాటితే కొత్త పాలసీ ఇవ్వరన్న మాట పాతది. 2024లో ఆ వయోపరిమితి తొలగింది. 2025 సెప్టెంబరు 22 నుండి వ్యక్తిగత పాలసీలపై 18 శాతం జీఎస్టీ కూడా లేదు.

సంప్రదాయ బీమాలోని వడ్డీ, అనిశ్చితి గురించి సందేహించే వారు మనలో ఉన్నారు. తకాఫుల్ పద్ధతి మలేషియాలోనూ గల్ఫ్ దేశాలలోనూ ఉంది, ఇక్కడ లేదు. దానికి జవాబు ఆలిములు చెప్పవలసినది. మేము కాగితం సంగతే చెప్పగలం.

ఆ కాగితంలో ప్రీమియం కన్నా ముందు చూడవలసినవి ఉన్నాయి. పాత జబ్బుకు నిరీక్షణ మూడేళ్ల వరకు ఉండవచ్చు. ఇరవై శాతం కో-పేమెంట్ అని రాసి ఉంటే, 3 లక్షల బిల్లులో 60 వేలు మీవే. గది అద్దె పరిమితి 3 వేలుండగా 6 వేల గదిలో చేరితే, అద్దెతో పాటు డాక్టరు ఫీజు వంటివాటిలోనూ సగం కోత పడవచ్చు. చౌక పాలసీ ఎందుకు చౌకో ఇక్కడ తెలుస్తుంది.

మా బంధువులలో ఒక పెద్దావిడకు పన్నెండేళ్లుగా షుగరు. "రాయకండి, ప్రీమియం పెరుగుతుంది" అన్నాడు ఏజెంటు. ఆమె చదువుకోలేదు, వేలిముద్ర వేసింది. రెండో ఏడు కాలి పుండుతో చేరినప్పుడు క్లెయిము తిరస్కరించారు, జబ్బు దాచారన్నారు. గాజులు అమ్మి బిల్లు కట్టారు. ఏజెంటు ఫోను ఎత్తలేదు. సంతకం చేసినవారిదే బాధ్యత గనుక, దరఖాస్తును ఇంట్లో చదివినవారు గట్టిగా చదివి వినిపించిన తరువాతే వేలిముద్ర వేయించండి. పాలసీ చేతికందాక ముప్పై రోజులలో నచ్చకపోతే వెనక్కు ఇచ్చే హక్కుంది.

అన్యాయంగా తిరస్కరించారనిపిస్తే కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. ముప్పై రోజులలో జవాబు రాకపోయినా, వచ్చినది న్యాయంగా లేకపోయినా, హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. ఏడాదిలోపు వెళ్లాలి. రుసుము లేదు, వకీలు అక్కరలేదు.

ఆధార్, పాత పాలసీ తెచ్చినవారు సభ ముగిశాక వెనుక బల్ల దగ్గరకు రండి. తలా ఒక కాగితం చదివి చెబుతాము.