అడవి అంచున కంది చేను



వికారాబాదు చుట్టు ఎర్రనేలలు, అనంతగిరి గుట్టలు. తాండూరు వైపు నల్లరేగళ్లు. ఈ తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చినది. పేరున్న పంటకు గిరాకి ఉండును. గిరాకి ఉన్నచోట నాగలి బీడు మీదికి పోవుట సహజము. నేడు నాగలి గూడ కాదు, ట్రాక్టరు. గుట్టవాలున, బంచరాయిలో నాలుగు గుంటలు కలుపుకొన్న రైతే మరుసటి ఏడు అడవిపందులు చేను తవ్వినవని మొరపెట్టుకొనును. పంది మేసెడి చోటు, దాగెడి పొద అదియే గదా!

"దామగుండములో 2,900 ఎకరముల అడవి నౌకాదళ కేంద్రమునకు పోయినది, నా నాలుగు గుంటలేనా అడ్డము?" అని మీరడుగవచ్చును. 2024లో అక్కడ శంకుస్థాపన జరిగినది. మీ ప్రశ్న న్యాయమైనదే. కాని అంత అడవి పోయిన తరువాత మృగములకు మిగిలిన అంచు గూడ దున్నినచో అవి పోవలసినది మన చేలలోనికే.

కర్నూలు సీమలో ఇట్లే జరిగినది. బట్టమేక పిట్ట కొరకు రోళ్లపాడులో 1988లో అభయారణ్యము పెట్టిరి. దాని చుట్టునున్న పచ్చిక బీళ్లు క్రమముగా పొలములైనవి. పిట్ట కనుమరుగైనది, కృష్ణజింకలు మాత్రము పెరిగి చేలపై పడినవి. పిట్టకు మేలు లేదు, రైతుకు మేలు లేదు.

గుట్టవాలు దున్నిన నేల ఎన్నాళ్లో నిలువదు. వాన పైమట్టిని కడిగి చెరువులో పోయును, చేనిలో మొరము మిగులును. మూసీ పుట్టినది ఈ గుట్టలలోనే. ఆ కష్టమే ఉన్న రేగడిలో పెట్టుడు: ఎండుతెగులును తట్టుకొను విత్తనము వేసి, సకాలమున కంది తలలు తుంచినచో కొమ్మలు ఎక్కువగును, కాపు పెరుగును.

ఇక పందుల సంగతి. కరెంటు తీగ కట్టకుడు. రాత్రివేళ నీళ్లు పెట్టబోయిన పొరుగువాడే దానికి బలియగును. అనుమతి లేక మృగమును చంపుట 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము నేరము గూడ. మొక్కజొన్న చుట్టు నాలుగు వరుసలు ఆముదము దట్టముగా వేయుడు. పంది దానిని తినదు, లోపలి పంట వాసన దానికి సరిగా అందదు. యాసంగిలో వేరుసెనగ, సెనగ చుట్టు నాలుగు వరుసలు కుసుమ వేయుడు. ముండ్ల రకమే కావలెను. ముండ్లు లేని రకములును ఉన్నవి, అవి ఇందుకు పనికిరావు. కోసిన గింజ నూనెకు వచ్చును. విత్తనము కొరకు తాండూరు వ్యవసాయ పరిశోధన స్థానములో అడుగుడు; అక్కడ కందితో పాటు కుసుమ మీద గూడ పరిశోధన జరుగుచున్నది.